తాతయ్య పట్టని అంకె

దగ్గరికి జరగండి. గోడకి ఆనుకున్నవాళ్లు కూడా ఇటు రండి, నా గొంతు మునుపటిలా వీధి చివరిదాకా పోవడం లేదు. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. చేతులు ఆడుతుంటే చెవులు బాగా పనిచేస్తాయి.

ఇది మా మనవరాలి కథ. చిన్నప్పుడు ఒక్కచోట నిలవకుండా గిరగిరా తిరిగేదని వాళ్ల తాతయ్య దాన్ని 'బొంగరం' అన్నాడు. అదే అతుక్కుపోయింది. ఇప్పుడా బొంగరం పొద్దున్నించి సాయంత్రందాకా కుర్చీలోంచి లేవకుండా అంకెలు చూస్తుంది. మెట్ల పక్కన చిన్న గది, ఒక కంప్యూటరు, చెవి విరిగిన టీ కప్పులో పెన్నులు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లకి మళ్లీ మాట నేర్పే ఆసుపత్రి అది. అక్కడ మందుల వాసన తక్కువ, మాటల ముక్కలు ఎక్కువ. ఒక గదిలో బొమ్మలు చూపించి పేర్లు చెప్పిస్తారు, దాన్ని బొమ్మల గది అంటారు. ఇంకో గదిలో టీచరు అన్నది తిరిగి అనిపిస్తారు, అది వల్లింపు గది. మూడోది పాటల గది. 'నీళ్లు' అని పలకలేని మనిషి 'నీళ్లు కావాలి' అని రాగం కడితే పాడగలడు! నమ్మరు కదూ? నేను కళ్లారా చూసి, చెవులారా విన్నదాన్ని.

ఆ సోమవారం పెద్ద డాక్టరు ఒక పాత నివేదిక చేత్తో పట్టుకుని బొంగరం గదికి వచ్చాడు. ఎప్పుడూ కబురుపెట్టే మనిషి, తనే రావడంతో అది లేచి నిలబడింది.

"కూర్చో లెక్కలమ్మా, కూర్చో. కొత్త యంత్రం వస్తోంది. దాని బరువు మోసే నేల పాటల గదికే ఉంది. పాటల గది తీసెయ్యాలా, ఉంచాలా, నువ్వే తేల్చాలి."

"నేనెవర్ని సార్ తేల్చడానికి?"

"నువ్వు కాదు, నీ అంకెలు. శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. పాటల గది మిగతా రెండిటికన్నా నిజంగా మెరుగని చూపించు, యంత్రానికి వేరే చోటు వెతుకుతాను. లేదంటే నాకు గది కావాలి."

ఆ నివేదిక, పాటల గది పెట్టిన పెద్దమేడమ్ ఏళ్ల కిందట రాసింది. బొంగరం పేజీలు తిప్పింది. "మనిషి మనిషికీ వచ్చిన మార్కులేవి సార్?"

"పై అంతస్తులో గొట్టం పగిలినప్పుడు కాగితాలన్నీ ముద్దయిపోయాయి. మిగిలింది ఆ పట్టిక ఒక్కటే. చాలదా?"

"చాలుతుంది సార్," అంది. గొంతు మామూలుగానే ఉంచింది కానీ, వేలు మాత్రం ఆ పట్టికలో మూడో వరుస మీద ఆగిపోయింది. పాటల గది. ముప్పై ఆరు మంది. ఆ ముప్పై ఆరు మందిలో వాళ్ల తాతయ్య ఒకడు. అంటే మా ఆయన.

ఆ కంప్యూటరుకి మామూలుగా మనిషికో వరుస ఇవ్వాలట. ఈయనకింత, ఆవిడకింత అని. మనుషులు లేకపోతే దానికి ఇంకో వాకిలి ఉంది. గదికి మూడే మూడు సంగతులు చెప్పాలి: ఎంతమంది ఉన్నారు, వాళ్ల సగటు ఎంత, మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఎంత. మిగతాది అదే చూసుకుంటుంది. 'విస్తృతి విశ్లేషణ' అని ఏదో పేరు చెప్పింది. నేను నోరు వెళ్లబెడితే, మనింటి లెక్కలోనే విడమరిచింది.

మా పెద్దాడపడుచు ఇంట్లో అందరూ గట్టిగా అరుస్తారనీ, చిన్నాడపడుచు ఇంట్లో అన్నీ గుసగుసలేననీ, మా ఇల్లు మధ్యరకమనీ చుట్టాలంతా అంటారు. నిజంగా ఇంటికీ ఇంటికీ అంత తేడా ఉందా? ఉందో లేదో తేలాలంటే ముందు ఒకే ఇంట్లోవాళ్ల మధ్య ఎంత తేడా ఉందో చూడాలి. పెద్దాడపడుచు ఇంట్లోనే నోట్లో నాలుకలేని అల్లుడు ఒకడు, మైకు మింగిన కోడలు ఒకత్తె ఉంటే, ఆ ఇంటి మొత్తానికి ఒకే ముద్ర వెయ్యడం అన్యాయం కదా. అందుకని ఇళ్ల మధ్య తేడాని ఇంట్లోవాళ్ల తేడాతో భాగిస్తారు. వచ్చిన అంకె ఒకటి దగ్గరుంటే చుట్టాలది వట్టి వాగుడు. మూడు దాటితే వాళ్ల మాటలో పస ఉన్నట్టు.

బొంగరం పట్టిక దగ్గర పెట్టుకుని అంకెలు కొడుతుంటే, పాటల మాస్టారు గుమ్మంలో నిలబడ్డాడు. లావుపాటి మనిషి, నడిచినా కూర్చున్నా ఎడంచెయ్యి దేనిమీదో ఒకదాని మీద తాళం వేస్తూనే ఉంటుంది. ఆ గదిలో పద్ధతి అదే: రోగి ఎడంచేతిని పట్టుకుని, మాటలో ఒక్కో అక్షరానికీ ఒక్కో తట్టు తడుతూ పాడిస్తారు. అలవాటు చొప్పున ఇప్పుడు తలుపు చెక్కనే తడుతున్నాడు.

"నా ఉద్యోగం నీ వేలికొసన ఉందమ్మా. గోళ్లు కొరుక్కోకు."

"పక్కనుంచి తాళం వెయ్యకండి మాస్టారూ, అంకెలు తప్పు పడతాయి."

"తాళం తప్పితే కదా తప్పు పడేది," అన్నాడు. కానీ చెయ్యి ఆపేశాడు.

మూడు గదుల్లోనూ ముప్పై ఆరేసి మందే. బొమ్మల గది సగటు నలభై ఒకటి. వల్లింపు గది నలభై నాలుగు. పాటల గది యాభై మూడు. ఇవి నూరు బొమ్మలు చూపిస్తే పేరు చెప్పగలిగినవి. ఒక్కో సగటు పక్కన కూడిక గుర్తు, దాని కింద తీసివేత గుర్తు, ఆ పక్కన నాలుగు అనే అంకె. మూడు గదులకీ అదే నాలుగు. ఎడం అని ఉన్న గడిలో బొంగరం నాలుగు, నాలుగు, నాలుగు కొట్టింది. మీట నొక్కింది.

ఎనభై ఏడూ ముప్పావు.

"ఎంతొస్తే మంచిది?" అన్నాడు మాస్టారు.

"మూడు దాటితే చాలు."

మాస్టారు కాసేపు తెర వంకే చూశాడు. తర్వాత ఆ లావు శరీరాన్ని ఒక చుట్టు తిప్పి, వరండాలో పోతున్న ఆయమ్మతో "అమ్మా, ఎనభై ఏడు!" అన్నాడు. ఆవిడ తన వయసు ఎవరు చెప్పారా అని ఉరిమి చూసింది.

*

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే నాకు చెప్పింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. సంతోషమే మరి. ఆ గదితో మాకున్న సంబంధం అలాంటిది. నాకు మాత్రం వేరే ఆశ పుట్టింది.

"అయితే మీ తాతయ్య అందులో ఉన్నాడన్నమాట."

"ఉన్నాడు అమ్మమ్మా."

"ఏదీ, చూపించు."

అది నవ్వింది. సంచిలోంచి పట్టిక తీసి, యాభై మూడు మీద వేలు పెట్టింది. "ఇదిగో. వీళ్లందరూ కలిసి ఇదే."

"ముప్పై ఆరు మందిని కలిపి ఒక్కణ్ణి చేశారా? వాడి పేరు యాభై మూడా? నేను తాళి కట్టించుకున్నది యాభై మూడుకి కాదే. మా ఆయన్ని విడదీసి ఇవ్వమని అడుగు ఆ కంప్యూటరుని."

"విడదీయడం కుదరదు అమ్మమ్మా. ముప్పై ఆరు బిందెల నీళ్లు ఒక తొట్టిలో పోశాక, మన బిందె నీళ్లు ఏవంటే ఎవరు చెప్తారు?"

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. పొయ్యి మీద మరుగుతున్న నీళ్లు దించాను. మా ఆయన పోయినప్పటినుంచి ఇంట్లో ఆయన గొంతు ఎక్కడా లేదు. ఫొటోలున్నాయి, చొక్కాలున్నాయి, కళ్లజోడుంది. గొంతు ఒక్కటే ఎవరం దాచలేదు. దాచాలని తోచలేదు, ఆ మనిషి ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటాడనుకున్నాం. మాట పడిపోయాక తెలిసింది. ఆయన రోజూ పడుకోబోతూ అడిగే మాట ఒక్కటుండేది, "గడియ పెట్టావా?" అని. పెళ్లయిన కొత్తలో ముద్దుగా ఉండేది, తర్వాత విసుగొచ్చింది. "పెట్టానయ్యా, పెట్టాను, దొంగలకి మనిల్లే కావాలా!" అనేదాన్ని. పక్షవాతం తర్వాత ఆ ప్రశ్న లేక ఇల్లు నోరు తెరుచుకుని ఉన్నట్టుండేది. పాటల గదిలో పెద్దమేడమ్ ఆ మాటకే రాగం కట్టింది. గ-డి-య-పె-ట్టా-వా. ఆరు తట్లు.

బొంగరం పట్టికని మడిచి సంచిలో పెట్టింది. మళ్లీ తీసి చూసింది.

"పరీక్ష రోజు తాతయ్య పక్కన నేనే ఉన్నాను," అంది. "స్కూలు బట్టల్లోనే వచ్చేశాను."

"తెలుసు. ఆయన చెయ్యి వదలనన్నావట."

"నూరు బొమ్మల్లో నాలుగే చెప్పాడు అమ్మమ్మా. కప్పు. గొడుగు. తాళం. ఇంకోటి తలుపు. తలుపు బొమ్మ చూసి తలుపు అనలేదు. నా చేతి మీద తట్టుకుంటూ గడియ పెట్టావా అని పాడాడు. మేడమ్ దాన్ని కూడా మార్కు కిందే వేసింది. నాలుగు మార్కులకి చెమటతో చొక్కా తడిసిపోయింది." ఆగి, "పక్క కుర్చీలో ఆవిడైతే రైలుపెట్టెల్లా వరుసగా చెప్పుకుంటూ పోయింది. తొంభై దాటి ఉంటాయి. తాతయ్య ఆవిడ వంక చూసి, నా వంక చూసి కన్ను కొట్టాడు" అంది.

కన్ను కొట్టే ఉంటాడు. మాట పోయినా ఆ గుణం పోలేదు ఆయనకి.

*

మంగళవారం దానికి పని పెద్దగా లేదు. శుక్రవారం కోసం కాగితం తయారుచెయ్యాలంతే. అది చెయ్యకుండా, ఒక తెల్లకాగితం మీద అడ్డంగా ఒక గీత గీసింది. సున్న దగ్గర్నించి నూరుదాకా అంకెలు వేసింది. యాభై మూడు దగ్గర చిన్న జెండా పెట్టింది. నిన్న నేను అడిగినదే దాని తలలో తిరుగుతోంది, తాతయ్యని విడదీసి చూపించమని. విడదీయలేకపోయినా, ఆయన ఎక్కడ నిలబడి ఉంటాడో గుర్తు పెట్టి నాకు తెచ్చి చూపిద్దామనుకుంది, పిచ్చిపిల్ల.

ఎడం నాలుగంటే అర్థం ఏమిటంటే, ఆ గదిలో చాలామంది యాభై మూడుకి నాలుగు అటూ ఇటూ ఉన్నారని. మహా దూరం పోయినవాళ్లు ఎనిమిదో, పన్నెండో. అంటే అందరూ నలభైకీ అరవై అయిదుకీ మధ్య, పట్టాలేసినట్టు. బొంగరం నలభై నుంచి అరవై అయిదుదాకా పెన్సిలుతో నలుపు చేసింది. అది ముప్పై ఆరు మంది ఇల్లు. తర్వాత తాతయ్యకి వచ్చిన నాలుగు దగ్గర ఒక చుక్క పెట్టింది.

చుక్క ఇంటి బయట కూడా లేదు. వేరే వీధిలో ఉంది.

పక్క కుర్చీ ఆవిడకి తొంభై దగ్గర చుక్క పెట్టింది. అదింకో ఊళ్లో ఉంది.

పెన్సిలు కింద పెట్టేసింది. దానికి మొదట తట్టింది లెక్క కాదు. తాతయ్యని తీసేశారా? మొత్తం గది పరువు తీస్తాడని, నాలుగు మార్కులవాణ్ణి పక్కకి నెట్టేసి, సుమారుగా పలికినవాళ్లనే లెక్కలో ఉంచుకున్నారా? చొక్కా తడిసిపోయేలా ఆయన పలికిన నాలుగు మాటలూ ఎవరికీ పనికిరాలేదా? యాభై మూడులో ఎక్కడో ఉన్నాడు అనుకుని నిన్నంతా సంబరపడింది. అసలక్కడ లేనే లేడా?

మధ్యాహ్నం భోజనం డబ్బా మూత కూడా తియ్యలేదు. సాయంత్రం నాకు మాత్రం "తలనొప్పి" అంది. దాని తలనొప్పులు నాకు తెలియనివా! అడగలేదు. అడిగితే ముడుచుకుంటుంది, అడక్కపోతే చెప్తుంది.

*

పెద్దమేడమ్ ఇప్పుడు రిటైరై, ఊరి అవతలి కొసన మేడ మీద రెండు గదుల్లో ఉంటోంది. బుధవారం సాయంత్రం బొంగరం బస్సు మారి వెళ్లింది. మేడమ్ తలుపు తీసి, కళ్లజోడు సర్దుకుని, "ఎవరూ... గడియాయన మనవరాలివి కదూ!" అంది. పాటల గదిలో మా ఆయన పేరు అదే. బొంగరం తలూపింది.

కుర్చీలో కూర్చున్నాక మర్యాదలేవీ లేకుండానే అడిగేసింది. "మేడమ్, మా తాతయ్యని లెక్కలోంచి తీసేశారా?"

"ఏ లెక్కలోంచి?"

పట్టికా, పెన్సిలు గీతా రెండూ టీపాయ్ మీద పెట్టింది. "చూడండి. మీ అంకె ప్రకారం ఈ గదిలో తాతయ్యకి చోటు లేదు. పక్క కుర్చీ ఆవిడకీ లేదు. ముప్పై ఆరూ అచ్చుపోసిన బొమ్మల్లా ఒక్కలాగే ఉన్నారు."

"నేను ఎవర్నీ తియ్యలేదు," అంది మేడమ్. గొంతు గట్టిపడింది. "వచ్చిన ప్రతి మనిషినీ లెక్కపెట్టాను. ఒక్క ముక్కా పలకనివాళ్లని కూడా. మీ తాత పాడిన తలుపుకి మార్కు వేసినందుకు నాతో మా డాక్టర్లే గొడవపడ్డారు కూడా."

"మరి ఈ నాలుగు?"

మేడమ్ కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. ఆవిడ ఎడంచేతి వేళ్లు కుర్చీ చేతి మీద మెల్లగా తట్టడం మొదలుపెట్టాయి. తట్టి, తట్టి, ఆగిపోయాయి.

"ఇది మనుషుల ఎడం కాదమ్మాయ్," అంది చివరికి. "ఇది సగటు వణుకు."

ఇక్కడ మీరు జాగ్రత్తగా వినాలి. నాకూ అది రెండుసార్లు చెప్పాల్సివచ్చింది. తక్కెడలో గింజలు పోశారనుకోండి. ముల్లు ఒకచోట నిలబడుతుంది, కాస్త అటూ ఇటూ వణుకుతుంది. ఆ వణుకు ఎంతో చెప్పే అంకె ఒకటి. గింజల్లో గింజకీ గింజకీ ఎంత తేడా ఉందో, ఏది సన్నం, ఏది లావు అన్నది చెప్పే అంకె వేరే. గింజలు ఎక్కువయ్యేకొద్దీ ముల్లు నిలకడగా నిలబడుతుంది. అంతమాత్రాన గింజలన్నీ ఒకే సైజుకి వచ్చేస్తాయా? రావు కదా. ఆ రోజుల్లో నివేదికల్లో కొంతమంది గింజల తేడా రాసేవాళ్లు, కొంతమంది ముల్లు వణుకు రాసేవాళ్లు. రెండిటికీ ఒకటే గుర్తు. ఏది రాశామో పక్కన చెప్పాలి. మేడమ్ చెప్పడం మర్చిపోయింది. బొంగరం అడగడం మర్చిపోయింది.

"వణుకుని మనుషుల లెక్కకి వర్గమూలంతో హెచ్చిస్తే ఎడం వస్తుంది. ముప్పై ఆరుకి వర్గమూలం ఎంత?" అంది మేడమ్, పాఠం అడిగినట్టు.

"ఆరు."

"నాలుగారులు?"

"ఇరవై నాలుగు."

అనగానే అర్థమైంది. ఎడం ఇరవై నాలుగు. కూర్చున్నచోటే పెన్సిలు తీసుకుని గీత మీద కొత్తగా నలుపు చేసింది. అటు ఇరవై నాలుగు, ఇటు ఇరవై నాలుగు, మళ్లీ ఇంకో ఇరవై నాలుగు, ఆపైన రవ్వంత. నలుపు పాకుతూ పాకుతూ పోయి తాతయ్య చుక్కని అందుకుంది. ఇటుపక్క రైలుపెట్టె ఆవిడనీ కలుపుకుంది.

ఉన్నాడు. లెక్కలోనే ఉన్నాడు.

మొహం విప్పారింది. విప్పారినంతలోనే వాడిపోయింది. ఎందుకంటే భాగహారం తలలో దానంతటదే జరిగిపోయింది. ఇంట్లోవాళ్ల మధ్యే అంత తేడా ఉన్నప్పుడు, ఇంటికీ ఇంటికీ మధ్య తేడా ఏపాటిది? ఎనభై ఏడూ ముప్పావు కాస్తా రెండూ చిల్లరకి దిగిపోతుంది. మూడు దాటదు.

మేడమ్‌కి కూడా తెలిసిపోయిందని ఆవిడ వేళ్లు చూస్తే తెలిసింది. అవి కదలడం లేదు.

"కాగితం మీద ఆ గుర్తు పక్కన ఏ మాటా లేదు కదా," అంది బొంగరం, తనకి తాను చెప్పుకుంటున్నట్టు. "ఎవరూ అడగరు. సోమవారం చేసిన లెక్క ఉంది. పెద్ద డాక్టరు చూసి మెచ్చుకున్నారు కూడా."

మేడమ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. కింద ఎవరో పిల్లలు గోల చేస్తున్నారు.

"నన్నడగకు తల్లీ. నాకా గది ఉండాలని ఉంది. ఆశ ఉన్న మనిషిని సాక్ష్యం పిలవకూడదు."

"నాకూ ఉండాలనే ఉంది."

"తెలుసు. అందుకే ఇంత దూరం వచ్చావు. గది కోసమైతే సోమవారమే ఆగిపోయేదానివి." తిరిగి చూసింది. "మీ తాత కోసం వచ్చావు. దొరికాడు. ఆయన్ని ఉంచుకుంటావో, మళ్లీ బయటికి నెట్టేస్తావో నీ ఇష్టం."

*

గురువారం బొంగరం మళ్లీ ఆ వాకిలి తెరిచింది. అదే పేర్లు, అదే ముప్పై ఆరు, అవే సగటులు. ఎడం గడిలో నాలుగు చెరిపి ఇరవై నాలుగు కొట్టింది. రెండో గదికీ, మూడో గదికీ అంతే. మీట మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంది. తెలిసిన జవాబు చూడడానికి కూడా ధైర్యం కావాలి.

రెండు పాయింటు నలభై నాలుగు. దాని పక్కన ఇంకో అంకె, తొమ్మిది. మూడు గదులూ నిజానికి ఒకటే అయినా సరే, ఇంత తేడా నూటికి తొమ్మిదిసార్లు ఊరికే, గాలివాటుగా వచ్చేస్తుందట. అయిదుకి మించితే నమ్మకం పెట్టుకోకూడదని వాళ్ల కట్టుబాటు.

కమిటీ కంటే ముందు మాస్టారుకి చెప్పాలనుకుని పాటల గదికి వెళ్లింది. అక్కడ కిటికీ పక్కన ఒక నడివయసు దర్జీ కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. మాస్టారు అతని ఎడంచెయ్యి పట్టుకుని తడుతూ "సూ-ది-దా-రం" అని రాగం తీస్తున్నాడు. దర్జీ నోరు తెరిచి, మూసి, తెరిచి, "...దారం" అన్నాడు. చెంపల మీద నీళ్లు. మాస్టారు తన భుజం మీది తువ్వాలు తీసి అతని మొహం తుడిచాడు. ఆ తర్వాతే బొంగరం వంక చూశాడు.

విన్నాడు. మొదట అర్థం కాలేదు. "సోమవారం ఎనభై ఏడు, ఇవాళ రెండున్నరా? అంకెలా, ఎండుటాకులా?"

"సోమవారం నేను తప్పు గడిలో తప్పు అంకె వేశాను మాస్టారూ."

"అయితే వేశావు. ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాను కదా."

"నువ్వు చూస్తే ఏం? కళ్లు మూసుకో! శుక్రవారందాకా మూసుకోలేవా?" గొంతు పైకి లేచింది. దర్జీ ఉలిక్కిపడ్డాడు. మాస్టారు అతని చెయ్యి నిమిరి గొంతు తగ్గించాడు. "మీ తాతకి నోరిచ్చిన గది ఇది. ఈ చేతులతో దీనికే గొయ్యి తవ్వుతున్నావు. తవ్వు."

బొంగరం వెనక్కి తిరిగింది. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి మళ్లీ తట్లు మొదలయ్యాయి. సూ. ది. దా. రం. ఈసారి కొంచెం గట్టిగా.

శుక్రవారం కమిటీలో అది మాట్లాడింది కొంచెమే. తప్పు ఏమిటో చెప్పింది, తనదేనని చెప్పింది, కొత్త అంకె చెప్పింది. పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంటే పాటల గది వల్ల లాభం లేదంటావు."

"అనడం లేదు సార్. లాభం ఉందని ఈ అంకెలు చెప్పలేవు. లేదని కూడా చెప్పలేవు. ఎవరికి పనికొచ్చిందో, ఎవరికి పనికిరాలేదో తెలియాలంటే మనిషి మనిషీ కావాలి. మన దగ్గర మనుషులు లేరు. సగటులే ఉన్నాయి."

"నాకు శుక్రవారానికి జవాబు కావాలన్నాను."

"ఇదే సార్ జవాబు."

ఒకాయన దగ్గాడు. ఒకావిడ కాగితం తిరగేసింది. గది యంత్రానికి పోయింది. పాటలు పూర్తిగా ఆపేద్దామని ఎవరో అంటే, పెద్ద డాక్టరు చెయ్యి అడ్డంపెట్టి, "వద్దు. లేదని కూడా చెప్పలేం అంటోంది కదా. ఎక్కడైనా ఒక మూల చూడండి," అన్నాడు. బొంగరం ఇంకొక్కటి అడిగింది. ఇకనుంచి పాటలకి వచ్చే ప్రతి మనిషికీ ఒక వరుస పెట్టుకోవడానికి, పరీక్షప్పుడు తను పక్కన కూర్చోవడానికి అనుమతి. ఆయన భుజాలెగరేసి, "కూర్చో, నీ ఓపిక," అన్నాడు.

మేజాబల్ల, రెండు కుర్చీలు, చిన్న వాద్యం మోయించుకుని మాస్టారు కొత్త మూల వెతుక్కుంటూ వచ్చాడు. భవనం మొత్తంలో ఖాళీగా ఉన్నది మెట్ల కింద చోటొక్కటే. అంటే బొంగరం గది గుమ్మం ఎదురుగానే. ఇద్దరి చూపులూ కలిశాయి.

"ఇంక పొద్దస్తమానం నా గోల నీ చెవిలోనే," అన్నాడు మాస్టారు మొహం అటు తిప్పుకుని. "చేసుకున్నదానికి అనుభవించు."

"కుర్చీ ఇంకోటి వెయ్యండి మాస్టారూ, నాకు."

మాస్టారు కాలితో ఒక కుర్చీని దాని వైపు జరిపాడు.

*

ఆ సాయంత్రం అది ఇంటికొచ్చేసరికి నేను ఇంకా దీపం వెయ్యలేదు. చెప్పులు విప్పలేదు, మొహం కడుక్కోలేదు, వచ్చి నా పక్కన గచ్చు మీద కూర్చుంది. జరిగిందంతా అప్పుడు చెప్పింది, సోమవారం నుంచీ. గది పోయిందనీ చెప్పింది. నాకూ బాధేసింది, ఎందుకు దాచాలి? ఆ కిటికీ, ఆ కుర్చీ, ఆయన చెమట తుడిచిన చోటు. ఆయన మాట తిరిగి పుట్టిన గది. ఇక అక్కడ ఏదో ఇనప యంత్రం కూర్చుంటుంది.

"పిల్లా, నువ్వు ఊరుకుని ఉంటే గది దక్కేదా?"

"దక్కేది అమ్మమ్మా."

"మరి?"

సంచిలోంచి నలిగిన కాగితం తీసింది. పొడుగ్గా ఒక గీత, దాని మీద పెన్సిలు నలుపు, ఒక కొసన చుక్క. నా వేలు పట్టుకుని ఆ చుక్క మీద పెట్టింది.

"తాతయ్య."

నాకు చదువు రాదు. గీతలూ తెలియవు. కానీ ఆ వేలు తియ్యబుద్ధి కాలేదు.

"ఇంత అంచునా?"

"ఇంత అంచునే. అంకె చిన్నదిగా ఉన్నన్నాళ్లూ తాతయ్య ఇందులో పట్టలేదమ్మమ్మా. బయటే ఉండిపోయాడు. నిజం అంకె వేశాక లోపలికి వచ్చాడు. గది కావాలంటే ఆయన్ని మళ్లీ బయటికి పంపాలి. నా వల్ల కాలేదు."

"అంచున కూర్చోవడం ఆయనకి అలవాటే," అన్నాను. "పెళ్లికి వెళ్లినా చివరి వరసే. ఎందుకయ్యా అంటే, వాకిలి కనిపిస్తూ ఉండాలి అనేవాడు."

అది నవ్వబోయి నా భుజం మీద తల పెట్టేసింది. చీకటి పడుతోంది. వీధిలో ఎవరో సైకిలు మీద బెల్లు కొట్టుకుంటూ పోయారు. చాలాసేపు అయ్యాక, నా ఎడంచేతి మీద దాని వేళ్లు కదిలాయి. తట్టు, తట్టు, తట్టు. మాటలు లేవు, రాగం ఒక్కటే ముక్కులో. ఆరు తట్లు. మేడమ్ కట్టిన రాగం, ఆయన పాడిన వరస, ఆఖరి అక్షరం దగ్గర ఊపిరి చాలక కాస్త కిందకి జారుతుందే, ఆ జారుడుతో సహా. ఆయన గొంతు ఎవరూ దాచలేదనుకున్నాను. ఈ పిల్ల ఆ రోజు చెయ్యి వదలకుండా కూర్చుని, చేతిలోనే దాచుకుంది.

"పెట్టానయ్యా," అన్నాను. "పెట్టాను."

ఇదే కథ. వెళ్లేముందు ఒక్క మాట. మీరు మీ ఇళ్లకి పోయి ఇది చెప్పేటప్పుడు గది పోయిందని ముగించకండి, మెట్ల కింద కుర్చీ వేశారని చెప్పండి. ఎవరైనా మీ ముందు ఒక గుంపుని ఒక్క అంకె చేసి చూపిస్తే, అంచున ఎవరున్నారని అడగమని మీ పిల్లలకి చెప్పండి. మా ఆయన పేరు చెప్పక్కర్లేదు. గడియాయన అనండి, చాలు. మరిచిపోకండేం.